రిమ్ములకు నల్లరంగే వేయించాను

నాన్న 1988 మోడల్ బుల్లెట్‌కి రెండు చక్రాలూ విప్పించి, క్రోమ్ ఊడిపోయిన రిమ్ములకు మళ్ళీ క్రోమ్ వేయించకుండా నల్లరంగు కొట్టించాను. బండి రోడ్డెక్కి రెండు నెలలైంది. చూసినవాళ్ళంతా ముందు రిమ్ముల వైపే చూస్తున్నారు. "ఇంత ఖర్చు పెట్టినవాడివి, ఆ క్రోమ్ కూడా వేయించేస్తే పోయేదిగా" అన్నారు కొందరు. పాత బళ్ళంటే ప్రాణం పెట్టే నా స్నేహితుడొకడు మాత్రం నిజంగానే బాధపడ్డాడు. "ఒరిజినాలిటీ పోయిందిరా. అంకుల్ ఉంటే ఒప్పుకునేవారా?" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

ఆ బండి కాకినాడలో పెరిగింది. సముద్రం పక్క ఊళ్ళో ఇనుము సంగతి అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలైనా, గేటు గొళ్ళెమైనా రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే ఎర్రపొడి రాలుస్తుంది. అందుకే నాన్న ప్రతి ఆదివారం పొద్దున్న కాఫీ తాగి, పాత పంచె ముక్కలు రెండు, చిన్న గిన్నెలో కొబ్బరినూనె పెట్టుకుని వాకిట్లో కూర్చునేవారు. ముందు పొడిగుడ్డ, తర్వాత నూనెగుడ్డ. ఒక్కో చక్రానికి 40 స్పోకులు. ఒక్కోదాన్నీ రెండు వేళ్ళ మధ్య గుడ్డతో పట్టుకుని చక్రం నడిమి హబ్బు దగ్గర్నుంచి అంచున ఉండే రిమ్ము దాకా తుడిచేవారు. వెనక చక్రం నాకు అప్పగించేవారు. స్పోకుల్ని ఆయన 'ఆకులు' అనేవారు, ఎడ్లబండి చక్రానికి అన్నట్టే. తాతయ్యకి బండి ఉండేది, ఆ మాట అక్కణ్ణుంచి వచ్చింది.

ఎడ్లబండి ఆకుకీ, స్పోకుకీ ఒక తేడా ఉంది. బండి ఆకు మందమైన కర్ర. బరువుని కింద నిలబడి మోస్తుంది. స్పోకు సన్నని తీగ, నిలబడి ఏమీ మోయలేదు. రిమ్మునీ హబ్బునీ బిగువుగా లాగిపట్టి ఉంచుతుంది. 40 తీగలు 40 వైపుల నుంచి లాగుతూ ఉంటేనే చక్రం గుండ్రంగా ఉంటుంది. ఈ తేడా మాకు 2001లో తెలిసింది.

అప్పటికి రిమ్ముల మీద సూదిమొనల్లాంటి తుప్పుచుక్కలు లేచాయి. ప్లేటింగ్ షాపు పేరు ఇప్పుడు అనవసరం. రిమ్ములూ స్పోకులూ అన్నీ కలిపి క్రోమ్‌కి ఇచ్చాం. నెల తర్వాత అద్దాల్లా తిరిగొచ్చాయి. అమ్మ వాటిలో చూసుకుని బొట్టు సరిచేసుకుంది. నాన్న అంత సంతోషంగా ఉండటం నేను తక్కువసార్లు చూశాను. మూడో నెలలో సామర్లకోట రోడ్డు మీద వెనక చక్రంలో ఒక స్పోకు టప్పుమని విరిగింది. వారం తిరక్కుండా ఇంకోటి. ఏడాదిలో ఏడు పోయాయి. అవి వంగి, సాగి విరిగినవి కావు. సుద్దముక్క విరిగినట్టు తటాలున విరిగాయి. రెండో వానాకాలానికి రిమ్ము అంచున క్రోమ్ పొరలుగా లేచింది. ట్యూబు తీస్తుంటే పంక్చర్ షాపు కుర్రాడి వేలు కోసుకుంది.

చాలా ఏళ్ళ దాకా అది మా దురదృష్టం అనుకున్నాం. కాదు. స్పోకు గట్టి ఉక్కు తీగ. ప్లేటింగ్‌కి ముందు తుప్పు పోవడానికి దాన్ని యాసిడ్‌లో ముంచుతారు, తర్వాత కరెంటు పెట్టిన తొట్టిలో వేస్తారు. రెండు చోట్లా హైడ్రోజన్ పుడుతుంది. అందులో కొంత ఉక్కులోకి ఇంకిపోతుంది. గట్టి ఉక్కు హైడ్రోజన్ తాగితే పెళుసవుతుంది. పైకి ఏమీ కనపడదు, వారాలో నెలలో గడిచాక బిగువు మీద ఉన్నప్పుడు విరుగుతుంది. దీనికి విరుగుడు ఎప్పట్నుంచో తెలుసు. ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోపే ఆ భాగాన్ని 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కొన్ని గంటలు ఓవెన్‌లో ఉంచాలి. చిన్న షాపుల్లో ఆ ఓవెన్ ఉండదు, ఆ సంగతి అడిగే కస్టమరూ ఉండడు. నిండా బిగువు మీద బతికే తీగకి మెరుపు కోసం అలాంటి స్నానం చేయించకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. పాత స్పోకులు బాగుంటే తుడిచి వాడుకోండి. లేదంటే కొత్తవి కొనండి, స్టెయిన్‌లెస్ స్టీలువి దొరుకుతున్నాయి. ప్లేటింగ్‌కి మాత్రం ఇవ్వకండి.

రిమ్ము సంగతి వేరు. అది స్పోకంత గట్టి ఉక్కు కాదు, ఇలా పెళుసయ్యే భయం చాలా తక్కువ. దాని కష్టం ఇంకోటి. క్రోమ్ అని మనం చూసేది నిజానికి చాలా పలచటి పొర. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మెరుపు కోసం వేసే క్రోమ్ అందులో సగం కూడా ఉండదు. తుప్పుని ఆపేది దాని కింద ఉండే నికెల్, అది పది ఇరవై మైక్రాన్లు ఉంటుంది. ఆ నికెల్ మందంగా, రంధ్రాలు లేకుండా పడితేనే రిమ్ము బతుకుతుంది. తొట్టిలో కరెంటు ఉబ్బెత్తు భాగాలకు ఎక్కువగా, లోతైన భాగాలకు తక్కువగా అందుతుంది. ఎక్కడ కరెంటు అందదో అక్కడ లోహం పూత కూడా పలచనే. రిమ్ములో లోతైన చోటు ట్యూబు కూర్చునే లోపలి గాడి. వాననీళ్ళు నిపుళ్ళ (స్పోకు కొనని రిమ్ముకి బిగించే చిన్న మరలు) కంతల్లోంచి దిగి నిలిచేదీ అక్కడే. అందుకే పాత రిమ్ము బయట మెరుస్తుండగానే లోపల్నుంచి పుచ్చిపోతుంది. మావాటికి టైరు ఊడదీసినప్పుడు చూశాను. బయట చుక్కలు, లోపల పెచ్చులు.

మళ్ళీ క్రోమ్ వేయాలంటే ఆ గుంటలన్నీ పోయేదాకా బయటంతా అరగదీయాలి. గుంట ఎంత లోతుంటే ఇనుము అంత పోవాలి. 2001లో ఒకసారి అరిగింది. నిపులు కూర్చునే చోట రిమ్ముకి చిన్న చిన్న ఉబ్బెత్తు గిన్నెలుంటాయి, స్పోకు లాగుడంతా పడేది వాటి మీదే. మా రిమ్ముల్లో అవి అప్పటికే పలచబడ్డాయి. ఇంకోసారి అరగదీయడం నాకు ఇష్టం లేకపోయింది.

అయినా మొదట క్రోమ్ వేయిద్దామనే బయల్దేరాను. నేనిప్పుడు ఉండేది హైదరాబాదులో. నగరం శివార్లలో ఒక పారిశ్రామికవాడకి చక్రాలు విప్పకుండా అలాగే పట్టుకెళ్ళాను. షెడ్డులో వరుసగా తొట్లు. చివరి తొట్టిలో ముదురు నారింజ రంగు ద్రావణం బుడగలు కక్కుతోంది, పైన సన్నని ఆవిరి. ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, రబ్బరు చెప్పులతో నిలబడి కొక్కేనికి వేలాడే సామాను పైకి తీస్తున్నాడు. చేతికి గ్లౌజులున్నాయి, వేళ్ళ దగ్గర చిరిగి ఉన్నాయి. మాటల మధ్య గ్లౌజు తీసి రేటు రాసిచ్చాడు. వేళ్ళ గణుపుల మీద గుండ్రంగా, లోతుగా, మానని పుళ్ళు. "ఏమైంది తమ్ముడూ" అన్నాను. "ఈ పనిలో అందరికీ ఉంటాయి అన్నా" అన్నాడు.

ఆ నారింజ రంగు హెక్సావేలెంట్ క్రోమియం అనే విషపు రకం క్రోమియంది. ఆ పుళ్ళకు వైద్యంలో చాలాకాలంగా పేరే ఉంది, క్రోమ్ పుళ్ళు అంటారు. ఆవిరి పీల్చేవాళ్ళకి ముక్కు మధ్య గోడకి చిల్లు పడటం కూడా ప్లేటింగ్ కార్మికుల్లో ఎప్పట్నుంచో తెలిసిన జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రకం క్రోమియాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో పెట్టింది, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణమని చెప్పింది. యూరోపియన్ యూనియన్‌లో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా ఆ తొట్టిలో వాడే క్రోమియం ట్రయాక్సైడ్ వాడకూడదు. కాలిఫోర్నియాలో మెరుపు కోసం చేసే హెక్సావేలెంట్ క్రోమ్ ప్లేటింగ్‌ని 2027 నుంచి ఆపేయాలని 2023లో నిర్ణయించారు. మనకి దూరం కూడా కాదు, చిత్తూరు దాటితే వచ్చే రాణిపేటలో ఎప్పుడో మూతపడిన ఒక క్రోమేట్ (క్రోమియం రసాయనం) ఫ్యాక్టరీ వ్యర్థాల గుట్ట భూమిలోని నీళ్ళని పాడుచేసింది. ఫ్యాక్టరీ ఆగినా నీళ్ళు బాగుపడలేదు.

చక్రాలు తిరిగి కారులో పెట్టుకున్నాను. నేను వేయించనంత మాత్రాన ఆ షెడ్డు మూతపడదని నాకు తెలుసు. ఆ కుర్రాడికి ఆ రోజు కూలీలో నా రెండు రిమ్ముల డబ్బు తగ్గిందని కూడా తెలుసు. అది నన్ను ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పెడుతోంది. గాలి పీల్చే యంత్రాలు, మంచి గ్లౌజులు, వ్యర్థాల శుద్ధి ఉన్న చోట క్రోమ్ వేయిస్తే నాకు అభ్యంతరం లేదు. ఇంకో రకం క్రోమ్, ట్రైవేలెంట్‌ది, వస్తోంది. అది ఇంత ప్రమాదం కాదు, రంగు కొంచెం ముదురుగా ఉంటుందంతే. కానీ నాకు అందుబాటులో ఉన్నది ఆ షెడ్డే. ఆదివారం పూట నేను తుడుచుకుని మురిసే మెరుపు కోసం ఆ చేతులు ఇంకాస్త కాలడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఇక ఒరిజినాలిటీ. నా స్నేహితుడి మాటలో నిజం ఉంది. నాన్న బండి షోరూం నుంచి క్రోమ్ రిమ్ములతోనే వచ్చింది. కానీ పాత మోటారుసైకిలంటే క్రోమ్ రిమ్మే ఉండాలన్నది చరిత్ర కాదు. 1920ల చివరి దాకా అసలు క్రోమ్ ప్లేటింగ్ బళ్ళ మీదకి రాలేదు. నికెల్ ఉండేది, లేదంటే నల్ల ఎనామెల్. 1937లో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ ట్విన్ రిమ్ములకు అంచులు క్రోమ్, నడిమి పట్టీ బండి రంగే, ముదురెరుపు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి వెళ్ళిన రాయల్ ఎన్‌ఫీల్డ్‌లకు క్రోమ్ మాటే లేదు, రిమ్ములతో సహా అంతా సైనిక రంగు. కొరియా యుద్ధం రోజుల్లో నికెల్‌కి కరువొస్తే మళ్ళీ రిమ్ములకు రంగులేశారు. ఇంగ్లండులోని రెడ్డిచ్ నుంచి 1955లో మద్రాసుకి, ఆ తర్వాత అక్కడి తిరువొత్తియూరు ఫ్యాక్టరీకి వచ్చిన ఈ బండి వంశంలో రంగు రిమ్ము కొత్త సంగతేమీ కాదు.

అలాగని బతికున్న క్రోమ్ మీద ఎవరైనా రంగు కొడితే నేనూ ఊరుకోను. షోరూం నుంచి వచ్చిన క్రోమ్ ఇంకా పట్టుకుని ఉంటే, నాలుగు చుక్కలున్నా, మసకబారినా, అలాగే ఉంచాలి. కొబ్బరినూనె గుడ్డ చాలు. మా రిమ్ముల మీద ఉన్నది 1988 నాటి క్రోమ్ కాదు. 2001లో ఎవరో హడావిడిగా వేసి ఊడిపోయిన పొర. కాపాడడానికి అక్కడ ఒరిజినల్ ఏమీ మిగల్లేదు, ఇనుము తప్ప. ఆ ఇనుముని కాపాడాను.

పని కాకినాడలోనే చేయించాను. అక్కడ రిమ్ములు కట్టే ఒక పెద్దాయన ఉన్నారు. నాన్నకి ఆయన తమ్ముడి లెక్క, నాకు బాబాయ్. స్పోకులు వదులు చేయకముందే రిమ్ము అంచుకీ హబ్బు అంచుకీ మధ్య దూరం స్కేలుతో కొలిచి గోడ మీద సుద్దతో రాసుకున్నారు. "విప్పడం ఎవడైనా విప్పుతాడు అబ్బాయ్. ఇది రాసుకోకపోతే కట్టాక చక్రం పక్కకి కూర్చుంటుంది" అన్నారు. తర్వాత ఒక్కో నిపులూ సగం చుట్టు చొప్పున చక్రమంతా తిరుగుతూ వదులు చేశారు. ఒక పక్క అంతా వదిలేసి ఇంకో పక్క బిగువుగా ఉంచితే రిమ్ము వంకరపోతుంది.

ముందు చక్రం హబ్బు, బ్రేక్ ప్లేటు అల్యూమినియం. వాటిని చూడగానే పాలిష్ మొదలుపెట్టేద్దామని నాకు తొందర. బాబాయ్ ఆపి హబ్బుని కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టారు. పొద్దున్నే పొడిగా తుడిచి, స్పోకు కంతల చుట్టూ సుద్దపొడి అద్దారు. పగులుంటే అందులో దాక్కున్న కిరోసిన్ మెల్లగా బయటికొచ్చి తెల్లటి సుద్ద మీద సన్నని తడిగీత గీస్తుంది. పూర్వం రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులకు నూనె, తెల్లసుద్దతో ఇలాంటి పరీక్షే చేసేవారు. మా హబ్బుకి గీత రాలేదు. ఇది పాలిష్‌కి ముందే చేయాలి. అల్యూమినియం మెత్తటిది. పాలిష్ పట్టే బఫ్ చక్రం మీద పెడితే పైపొర వెన్నలా పాకి సన్నని పగుళ్ళని మూసేస్తుంది. అద్దంలా మెరిసే హబ్బు కింద పగులుంటే ఇక ఇలాంటి పరీక్షకి దొరకదు.

శుభ్రం చేయడానికి కిరోసిన్, బ్రష్షు చాలు. కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వకూడదు, అల్యూమినియాన్ని తినేస్తుంది. మన ఇళ్ళలో అల్యూమినియం గిన్నెని సోడా పెట్టి తోమితే నల్లబడటం చూసిందే. ఆ తర్వాత వాటర్ పేపరు. 400 నంబరుతో మొదలుపెట్టి 800, తర్వాత 1200. ప్రతి నంబరుకీ రుద్దే దిశ మార్చాను, ముందటి గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. చివర చేత్తో, మెటల్ పాలిష్‌తో. మెషీన్ బఫ్ బ్రేక్ ప్లేటుకి మాత్రం కాసేపు వాడాం. ఆ మెషీన్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు మెడలో తువ్వాలు తీసేయాలి, చేతికి బట్ట గ్లౌజులు వేసుకోకూడదు. అది పట్టుకుందంటే చెయ్యి లాక్కునే టైముండదు. కళ్ళజోడు, మాస్కు కూడా ఉండాలి. బఫ్‌కి పూసే మైనం బ్రేకు డ్రమ్ములోకి పోకుండా డ్రమ్ము నోటిని కప్పి పనిచేయాలి. అది లైనర్లకు అంటితే బ్రేకు పట్టదు.

నేను అద్దం మెరుపు దాకా వెళ్ళలేదు. పోతపోసిన గరుకు ఉన్నచోట గరుకు అలాగే ఉంచాను, నున్నగా ఉన్నచోటే నున్నగా చేశాను. పైన క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్ లాంటి పూత) కూడా కొట్టించలేదు. కొట్టిన కొత్తల్లో బాగానే ఉంటుంది. ఒక్క రాయి తగిలి చిట్లితే తేమ దాని కిందికి దూరి చెదపురుగు దారుల్లా తెల్లటి గీతలు పాకుతాయి, అప్పుడు అంతా గీకి మళ్ళీ మొదలుపెట్టాలి. ఉత్తి అల్యూమినియం మసకబారితే పది నిమిషాలు గుడ్డతో రుద్దితే చాలు.

రిమ్ములకి వద్దాం. క్రోమ్ మీద రంగు నేరుగా పట్టదు, గోటితో గీకినా లేస్తుంది. ఇసుకని గాలిపోటుతో కొట్టి (శాండ్‌బ్లాస్టింగ్) ఊడదీద్దామంటే క్రోమ్ గట్టిది, అది ఊడేలోపు పక్కనున్న ఇనుము అరుగుతుంది. అందుకే లేచిన పొరలన్నీ గీకేసి, గట్టిగా పట్టుకుని ఉన్నదాన్ని 180 నంబరు ఎమరీతో మెరుపంతా చచ్చేదాకా రుద్దాం. లోపలి గాడిలో తుప్పు పోయేదాకా వైరు బ్రష్షు. తర్వాత రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు, ముందు లోపలి గాడికి, తర్వాత బయటికి. రంగు రోడ్డు మీద కనపడేవైపు ఎంత ముఖ్యమో ట్యూబు కింద కనపడనివైపు అంతకంటే ముఖ్యం. దాని మీద నల్ల పీయూ (పాలీయురెథేన్) రంగు రెండు పలచటి కోట్లు.

పౌడర్ కోటింగ్ (పొడిరంగు చల్లి వేడితో కరిగించే పూత) చేయించొచ్చుగా అని అడిగారు. చేయించొచ్చు, చాలామంది చేయిస్తున్నారు. నాకు దాని మందం నచ్చదు. నిపులు కూర్చునే గిన్నెలో మందమైన పొర ఉంటే స్పోకు బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. బండి నడిచేకొద్దీ ఆ పొర నలిగి అణుగుతుంది. అణిగిన మేరకి స్పోకు వదులవుతుంది. వదులు స్పోకు పక్కవాటి మీద భారం వేస్తుంది. అందుకే మేము పీయూ రంగు కొట్టేముందు ఆ గిన్నెల్లో మాస్కింగ్ టేపు ముక్కలు పెట్టాం, అక్కడ ప్రైమరు తప్ప రంగు పడలేదు. 80 గిన్నెలకీ టేపు గుండ్రంగా కత్తిరించి అంటించడానికి నాకూ మా అబ్బాయికీ ఒక పూట పట్టింది.

కట్టడం బాబాయ్ పని. చక్రాన్ని స్టాండులో పెట్టి తిప్పుతూ రిమ్ముకి ఆనీ ఆననట్టు సుద్దముక్క పట్టుకుంటారు. సుద్ద అంటిన చోట రిమ్ము ఆ పక్కకి వంగినట్టు. అటువైపు స్పోకు పావు చుట్టు వదులు, ఇటువైపు పావు చుట్టు బిగువు. పక్కలకీ, పైకీ కిందికీ ఒక మిల్లీమీటరు లోపు వచ్చేదాకా వదల్లేదు. చివర చిన్న స్పానరుతో స్పోకుల్ని వరసగా కొట్టుకుంటూ వెళ్ళారు. సమానంగా బిగిసినవి ఒకే స్వరంలో మోగాయి, వదులుగా ఉన్నది మొద్దుగా పలికింది. లోపల నిపులు దాటి పొడుచుకొచ్చిన స్పోకు మొనల్ని రుద్దేసి, కొత్త ఫ్లాపు (రిమ్ముకీ ట్యూబుకీ మధ్య ఉండే రబ్బరు పట్టీ) వేసి, ట్యూబు ఎక్కించారు.

ఈ ఎంపికలో నేను పోగొట్టుకున్నది ఉంది. నాన్న వాకిట్లో కూర్చుని తుడిచిన ఆ మెరుపు ఇక రాదు. నల్లరంగు మీద టైరు మార్చే కమ్మీ గీత పడుతుంది, ఎండకి మెల్లగా వెలుస్తుంది. క్రోమ్ అందాన్ని నేను తక్కువ చేసి మాట్లాడలేను. చిన్నప్పుడు ఆ రిమ్ములో మా వీధంతా వంగి కనపడేది, అది చూస్తూ గంటలు గడిపినవాణ్ణి. అయినా రంగే సరైనదని నమ్ముతున్నాను, ఎందుకంటే ఈ రిమ్ము ఇప్పుడు నాకు తన పరిస్థితి చెప్తుంది. ఎక్కడైనా తుప్పు మొదలైతే నల్లరంగు పొక్కుతుంది, ఆ వారమే కనపడుతుంది. ఊడిపోయే క్రోమ్ కింద తుప్పు ఏళ్ళ తరబడి దాక్కుంది.

దసరాకి బండి తిరిగింది. పసుపు కుంకుమ బొట్లు నల్లరంగు మీద బాగా ఎత్తి కనపడ్డాయి. అమ్మ వెనక చక్రం దగ్గర కాసేపు నిలబడి, "మీ నాన్న సైకిలు చక్రాలు ఇలాగే నల్లగా ఉండేవి, పెళ్ళైన కొత్తల్లో" అంది. ఆ సైకిలు గురించి నాకు అంతవరకూ తెలియదు.

200 కిలోమీటర్లు తిరిగాక బాబాయ్ మళ్ళీ రమ్మన్నారు. చక్రం లేపి స్పానరుతో 80 స్పోకులూ వరసగా కొట్టారు. ముందు చక్రంలో రెండు, వెనక ఒకటి మొద్దుగా పలికాయి. బిగించారు. వెనకదాని దగ్గర నిపులు పక్కన గోరంత రంగు చిట్లింది. డిక్కీలో మిగిలిన రంగు సీసా ఉంది. మా అబ్బాయి నేల మీద బాసింపట్టు వేసుకుని, నెయిల్ పాలిష్ బ్రష్షుతో ఆ చుక్క మీద రంగు అద్ది, ఆరేదాకా అక్కడే కూర్చుని ఊదాడు.